చావుకన్నా ముందు పడిన సంతకం

పోయిన వారం మనం దివ్యశ్రీని విడిచిపెట్టినప్పుడు ఆమె హోసూరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద ఉన్న రెండు తేదీల్ని మార్చి మార్చి చూసుకుంటోంది. జవళగిరిలో ఒక ఆవు పిడుగు పడి చచ్చిపోయింది. ఆ ఆవు చచ్చిపోయిందని పాడి రైతుల సంఘం లెక్కల్లో సంతకం పడింది మాత్రం పిడుగు పడటానికి రెండు రోజుల ముందు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందనుకుని అదే ఊళ్ళో పోయిన ఇంకో ఆవు సంగతి తీసి చూసింది. దాన్ని రోడ్డు మీద లారీ గుద్దింది. అక్కడా సంతకమే ముందు, లారీ తర్వాత. మూడోది ఈత కష్టమై పోయిన తొలిచూలు ఆవు. దానిదీ అదే వరస. మూడింటికీ సంతకం పెట్టింది ఒకే మనిషి. ఆ ఊళ్ళో సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి గొడ్ల బాగోగులు చూసే నాగరత్నం.

శశికుమార్‌కు ఇందులో ఆలోచించవలసింది ఏమీ కనిపించలేదు. దివ్యశ్రీ పనిచేస్తున్న ఆడిట్ ఆఫీసు ఆయనదే. ముందుగా సంతకం పెట్టి, తర్వాత గొడ్డును చంపి ఇన్సూరెన్సు రాబట్టుకుంటున్నారు, నాగరత్నం చేతులు కలిపింది, మోసమని రిపోర్టులో రాసేస్తే సంఘంవాళ్ళు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చుకుంటారు అన్నాడు. పిడుగును ఎవరు వేయించగలరు సార్ అని దివ్యశ్రీ అడిగింది. అయితే డాక్టరు కూడా కుమ్మక్కై ఉంటాడు అన్నాడు ఆయన, ఫోను తీసుకుంటూ. ఊరికి వెళ్ళి ఒకసారి ఆ మనిషిని చూసి వస్తాననీ, రిపోర్టు మీద సంతకం అప్పటిదాకా ఆపమనీ ఆమె బతిమాలుకుంది. ఆయన ఇష్టం లేకుండానే సరేనన్నాడు.

జవళగిరికి పోయేముందు ఆమె కృష్ణగిరికి వెళ్ళి, ఆ ఆవులకు పోస్టుమార్టం చేసిన పశువుల డాక్టరు ధనుంజయ్‌ను కలిసింది. తనను అనుమానిస్తున్నారని తెలిసినా ఆయన విసుక్కోలేదు. ఫోనులో ఫోటోలు తీసి చూపించాడు. పిడుగు పడిన ఆవుకు మెడ దగ్గర మొదలైన కాలిన చార ముందుకాలి దాకా దిగి ఉంది. ఆ పిడుగుకే ఊరి ట్రాన్స్‌ఫార్మరు కూడా పేలిపోయిందట. లారీ సంగతికైతే పోలీసు స్టేషనులో కేసుంది, డ్రైవరు తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు. తాను వెళ్ళేసరికి మూడు ఆవుల ఒళ్ళూ ఇంకా వెచ్చగానే ఉన్నాయనీ, రెండు రోజుల కిందట చచ్చిన గొడ్డు అలా ఉండదనీ చెప్పాడు.

ఆమె లేచి గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు.

"ఒక మాటమ్మా. ఆ నాగరత్నం అప్పుడప్పుడు నాకు ఫోను చేస్తాది. గొడ్డుకు జబ్బని చెప్పదు. ఈ రెండు మూడు దినాలు ఊళ్ళోనే ఉంటారా సార్, లీవు మీద పోతారా అని అడుగుతాది, అంతే. అడిగిన ప్రతిసారీ ఆడ ఏదో ఒకటి పోయింది. నేనెవరికీ చెప్పలేదు. చెప్తే నన్నే చూసి నవ్వుతారు."

మర్నాడు మధ్యాహ్నం తళి రోడ్డు మీద కారులో పోతున్నప్పుడు ఆ మాటే దివ్యశ్రీ మనసులో తిరుగుతూ ఉంది. కారు నడుపుతున్నది గోపీనాథ్. కరీంనగర్ నుంచి వచ్చి హోసూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. సంఘం లెక్కలు రాసుకునే బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటరు పుస్తకాన్ని అమర్చి పెట్టింది వాళ్ళ కంపెనీయే. తేదీల్లో తేడా ఉందనగానే అది తమ తప్పేనేమోనని భయపడి, జవళగిరి పాల కేంద్రంలో ఉన్న యంత్రాన్ని స్వయంగా చూసుకుంటానని బయల్దేరాడు. మాటకారి. దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు.

మదనపల్లిలో చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాత సీఏ శిక్షణలోనూ దివ్యశ్రీకి పెద్దవాళ్ళు నేర్పిన విద్య ఒకటే. పుస్తకంలో దిద్దుబాటు ఎక్కడుందో వెతకడం. సిరా రంగు మారిన చోటు, రెండు వరసల మధ్య ఇరికించిన ముక్క, తెల్లకాగితం పల్చబడేలా గీకిన అంకె. తప్పు చేసినవాడు ఎక్కడో ఒకచోట గీరుతాడు. ఆ గీతను పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. బ్లాక్‌చెయిన్ దగ్గరికి వచ్చేసరికి ఆ విద్య పనికిరాకుండా పోయింది. దానిలో గీకడానికి చోటే లేదు.

ఇది ఆమెకు మొదట్లో విడమరచి చెప్పింది గోపీనాథే. ఒకే పుస్తకానికి నాలుగు ప్రతులు. ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర, ఒకటి బ్యాంకులో, ఒకటి పశువుల డాక్టర్ల ఆఫీసులో. ఎవరైనా కొత్త ఎంట్రీ పెడితే, పెట్టినవాళ్ళ రహస్య తాళంతో దాని మీద సంతకం పడుతుంది. నాలుగు చోట్లా ఒప్పుకుంటేనే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. కొన్ని ఎంట్రీలు కలిపి ఒక కట్ట కడతారు, దాన్నే బ్లాక్ అంటారు. ఆ కట్టలో ఉన్నదంతా నలగ్గొడితే మనిషి వేలిముద్ర లాంటి ఒక గుర్తు వస్తుంది. తర్వాతి కట్ట ఆ గుర్తుతోనే మొదలవుతుంది. దాని తర్వాతి కట్ట దీని గుర్తుతో. ఎప్పటిదో పాత కట్టలో ఒక్క అక్షరం మార్చారా, దాని వేలిముద్ర మారిపోతుంది, అక్కణ్ణించి ఈ రోజు దాకా ఉన్న కట్టలన్నీ విడిపోయి ఎక్కడ చెయ్యి పెట్టారో చెప్పేస్తాయి.

"నాగరత్నం ఫోనులో టైము తప్పుగా ఉండొచ్చు కదా" అంది దివ్యశ్రీ. ఇది ఆమె అంతకుముందు కూడా అడిగిన ప్రశ్నే.

"ఫోనుల టైము తప్పుండొచ్చు మేడం. కానీ బ్లాకుకు టైము ఫోను వెయ్యదు, నాలుగు మిషన్లు కలిసి వేస్తయి. ఊళ్ళ సిగ్నల్ లేకుంటే ఎంట్రీ ఆలస్యంగా చేరొచ్చు. జరగబోయేది ముందుగాల చేరుడు అయితే ఉండదు. నాకూ అదే అర్థం అయితలేదు."

మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టుకోలేదని ఆమె అడగబోయి మానుకుంది. జవాబు ఆమెకే తెలుసు. ఊరి కార్యకర్త సంతకం ఉందా, డాక్టరు సంతకం ఉందా అని మాత్రమే అది చూస్తుంది. చావుకూ సంతకానికీ ఏది ముందో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. ఎవరికీ అలాంటి ఆలోచన వచ్చి ఉండదు.

బ్లాక్‌చెయిన్ రాసిన మాట మారలేదని చెబుతుంది గానీ రాసిన మాట నిజమని చెప్పదు. ఆడిటరు అన్నవాడు ఇప్పటికీ కాళ్ళు కదిపి వెళ్ళి ఆవును చూసి రావలసింది అందుకే. ఇంతవరకు దివ్యశ్రీకి అర్థమవుతూనే ఉంది. అబద్ధం రాసి పెడితే అది చెరగని అబద్ధంగా ఉండిపోతుంది, అంతే. కానీ ఇక్కడ జరిగింది వేరు. రాసినప్పుడు అది అబద్ధం. ఆవు అప్పటికి మేత మేస్తోంది. ఎవరూ ముట్టుకోకుండానే, ఒక్క అక్షరం మారకుండానే, రెండు రోజుల తర్వాత ఆ అబద్ధం తనంతట తానే నిజమైంది. దీనికి ఏ పేరు పెట్టాలో ఆమె చదివిన చదువులో ఎక్కడా లేదు.

తళి దాటాక రోడ్డు సన్నబడింది. వెన్ను తీసిన రాగి చేల మీద మంచు లాంటి తుంపర పరుచుకుని ఉంది. చేల చుట్టూ ఏనుగులు రాకుండా కట్టిన కరెంటు తీగ, దాని వెనక అడవి. పట్టపగలే అయినా చెట్ల కింద చీకటిగా ఉంది. ఊరి మొదట్లో ఉన్న పాల కేంద్రం దగ్గర గోపీనాథ్ కారు ఆపి, గోడకు బిగించిన యంత్రం పెట్టె తెరిచి పనిలో పడ్డాడు. ఆ పక్క కొట్టువాడు అతనికి టీ తెచ్చి ఇచ్చాడు. దివ్యశ్రీ దారి కనుక్కుని ఒక్కతే వెళ్ళింది.

నాగరత్నం ఇల్లు ఊరి చివర, అడవి వైపు ఉంది. ముందు గొడ్ల కొట్టం ఉంది కానీ అందులో గొడ్లు లేవు. కట్టుకొయ్యలు కూడా పీకేసి, గుంటలు మట్టితో పూడ్చి అలికారు. పాల సంఘంలో పనిచేసే మనిషి ఇంట్లో ఒక్క ఆవైనా లేకపోవడం దివ్యశ్రీకి వింతగా తోచింది. గుమ్మంలో నిలబడి పిలిచింది. పలుకు లేదు. గట్టిగా పిలిచింది. లోపల ఒక ఆడమనిషి వీధికి వీపు పెట్టి కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. పిలుపు వినపడేంత దగ్గర్లోనే ఉంది, అయినా తల ఎత్తలేదు. దివ్యశ్రీ నీడ గింజల చేట మీద పడ్డాక అదిరిపడి వెనక్కి తిరిగింది.

నలభై ఏళ్ళుంటాయి. రెండు చెవుల్లోనూ దూది కుక్కి ఉంది. ఆమె దాన్ని మెల్లగా తీసి, కిటికీ గూట్లో పెట్టింది. చెవి నొప్పా అక్కా అని దివ్యశ్రీ అడిగితే కాదన్నట్టు తల ఊపింది. గొడ్లు మేతనుంచి తిరిగొచ్చే వేళ అయిందని మాత్రం చెప్పింది.

"ఆడిట్‌వాళ్ళు కదా మీరు" అంది తర్వాత. "కూర్చోండమ్మా. ఎవురో ఒకరు వస్తారని కాచుకోనే ఉండాను. ఇన్ని దినాలు పడుతుందనుకోలేదు."

దివ్యశ్రీ చాప మీద కూర్చుంది. దారిలో ఆమె ఒక దారి ఆలోచించి పెట్టుకుంది. ఫోను ఎప్పుడైనా పోయిందా, పిన్ను నంబరు ఎవరికైనా తెలుసా, ఇంకెవరైనా నీ పేరుతో సంతకం పెట్టి ఉంటారా అని అడగాలి. తాళం ఎవరి చేతిలో ఉంటే సంతకం వాళ్ళదే అవుతుంది గనక, ఆ తాళం చేయి మారిందని తేలితే ఈ మనిషి బయటపడుతుంది. కానీ నాగరత్నం ఆ దారి మొదట్లోనే మూసేసింది. ఫోను ఎవరికీ ఇవ్వలేదు, పిన్ను ఎవరికీ చెప్పలేదు, మూడూ పెట్టింది తనే అని, ఏదో ఇంటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఆవు బతికుండగానే చచ్చిపోయిందని పెట్టినావా అక్కా?"

"పెట్టినాను."

"ఏంటికి?"

నాగరత్నం చేట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుంది. బయట తుంపర కాస్త పెరిగింది. పెంకుల మీద దాని చప్పుడు వింటూ కొంతసేపు కూర్చుంది, అది వినపడుతున్నందుకు తృప్తిగా ఉన్నట్టు.

మొదటిది వాళ్ళ ఊళ్ళోని కేశవప్ప ఆవు అని చెప్పింది. అప్పటికి ఈ ఫోనులూ ఈ సంతకాలూ ఇంకా రాలేదు. గాలికుంటు టీకా వేయించడానికి వాళ్ళ కొట్టంలోకి పోయింది. ఆవు ఈగలు తోలుకుంటూ తల విదిలిస్తోంది. మెడలో గంట అటూ ఇటూ ఊగుతోంది. గంట మోగడం లేదు. నాలుక ఊడిపోయిందేమోనని వంగి చూసింది. నాలుక ఉంది, అంచులకు కొట్టుకుంటూనే ఉంది. పక్క ఆవు నెమరు వేస్తుంటే ఆ చప్పుడు వినపడుతోంది. దీని దవడలూ ఆడుతున్నాయి.

"నోరు ఆడతానే ఉండాదమ్మా, శబ్దం లేదు. గిట్టలు నేలకేసి కొట్టింది, శబ్దం లేదు. ఇంకా దగ్గరికి పోయినాను. ఊపిరి వెచ్చగా నా ముఖానికి తగిలింది. ఆ ఊపిరికి కూడా శబ్దం లేదు."

దివ్యశ్రీ పైట భుజాల మీదికి లాక్కుంది.

కేశవప్పతో ఆ మాట ఎలా చెప్పాలో నాగరత్నానికి తెలియలేదు. ఆవుకు ఏదో ఉండాదప్పా, నాకు మనసు సరిగా లేదు అని మాత్రం చెప్పింది. ఆయన ఆలోచించుకుని, ఆ వారమే దాన్ని తోలుకుపోయి కల్లావి సంతలో అమ్మేశాడు. కొన్నవాళ్ళ ఇంట్లో అది మరునాడే పోయింది. వాళ్ళు వెతుక్కుంటూ జవళగిరికి వచ్చారు. మొగుడూ పెళ్ళామూ, చంకలో బిడ్డ. కేశవప్ప వాకిట్లో నిలబడి, తెలిసే మాకు అంటగట్టినారు అని ఆ ఆడమనిషి ఏడ్చిన ఏడుపు తన ఇంటి దాకా వినపడింది. తెలిసింది కేశవప్పకు కాదు, నాకు అని నాగరత్నం అంది. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. తన ఇంట్లో ఉన్న రెండు ఆవుల్నీ చెల్లెలికి ఇచ్చేసి, కొయ్యలు పీకేసింది.

"మళ్ళీ అయింది. ఇంకో ఇంట్లో, ఇంకోసారి. నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. గొడ్డు చచ్చినాక, ఆఁ, దీని గంట వినపడలేదు కదా అని నేనే కల్పించుకుంటాండానేమో. మనసు మోసం చేస్తాది కదమ్మా. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటా వచ్చినాను. దాన్ని కూడా నమ్మలేకపోయినాను. క్యాలెండరులో ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు. చచ్చినాక పెట్టి, ముందే పెట్టినానని అనుకుంటాండానేమో, ఎవురు చూసినారు?"

ఆ రోజుల్లోనే సంఘంవాళ్ళు ఊరూరి కార్యకర్తల్ని హోసూరుకు పిలిచి కొత్త ఫోనులు ఇచ్చారు. ఎలా వాడాలో ఒకాయన తెర మీద బొమ్మలు వేసి చెప్పాడు. తాళాలు, కట్టలు, గుర్తులు, ఏదీ నాగరత్నానికి సరిగా ఎక్కలేదు. ఒక్క మాట మాత్రం పట్టుకుంది. ఒకసారి నొక్కినారంటే దాన్ని ప్రెసిడెంటు కూడా తీసేయలేడు, తేదీ వెనక్కి జరపలేరు, ముందుకు జరపలేరు, జాగ్రత్తగా నొక్కండి అని ఆయన హెచ్చరించాడు. గదిలో అందరూ అది విని భయపడ్డారు. ఆమెకు మాత్రం గుండెల మీద బరువు దించినట్టయింది.

"నా చెయ్యి కూడా నన్ను మోసం చెయ్యలేని చోటు ఒకటి ఉండాది అనుకున్నానమ్మా. తర్వాతి తూరి శబ్దం ఆగిపోయినప్పుడు, నేరుగా సిగ్నలు దొరికే రోడ్డుకు పోయి నిలబడి నొక్కినాను. అది తప్పయితే ఉద్యోగం పోతాది. పోనీ. నాకు పిచ్చని తేలిపోతాది, ఆస్పత్రికి పోతాను, మాత్రలిస్తారు. తప్పు కావాలని ఎంత మొక్కుకున్నానో. ప్రతిసారీ మొక్కుకున్నాను."

ఇన్నేళ్ళుగా దివ్యశ్రీ ఎన్నో లెక్కలు చూసింది. దాచడానికి రాసినవాళ్ళను చూసింది, దోచుకోవడానికి రాసినవాళ్ళను చూసింది. తన రాత తప్పని ఎవరైనా వచ్చి తేల్చాలని ఎదురుచూస్తూ రాసిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

"పుస్తకం మీ దగ్గర ఉండాది కదా" అంది నాగరత్నం. మొదటిసారి తల ఎత్తి ఆమె కళ్ళలోకి చూసింది. "నన్ను నేను నమ్మను. డాక్టరును అడగలేను. మీరే చెప్పండి. ఒక్కటన్నా తప్పిందా?"

అబద్ధం చెప్పాలని దివ్యశ్రీకి బలంగా అనిపించింది. రెండోది తప్పింది, నువ్వు నొక్కిన తర్వాత లారీ గుద్దలేదు, ముందే గుద్దింది, ఊరికే భయపడుతున్నావు అంటే చాలు. ఈమె ఇంట్లో మళ్ళీ గొడ్లు చేరతాయి, చెవుల్లో దూది పోతుంది. కానీ తప్పు లేనిచోట తప్పుందని చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"లేదక్కా. ఒక్కటీ తప్పలేదు."

"అయితే నాకు పిచ్చి లేదు" అంది నాగరత్నం. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు. ఏదో ఒక చివరి తలుపు మూసుకుపోయిన మనిషిలా గోడకు చేరగిలబడింది.

శశికుమార్ ఏం చెయ్యబోతున్నాడో దివ్యశ్రీ దాచలేదు. గొడ్లను చంపించి ఇన్సూరెన్సు రాబట్టిందని ఫిర్యాదు ఇస్తారని, పోలీసులు వస్తారని, ఊరంతా దాన్నే నమ్ముతుందని చెప్పింది. నాగరత్నం తొణకలేదు. ఇయ్యనీమ్మా, జైల్లో గొడ్లు ఉండవు అంది. అది వేళాకోళం కాదని ఆమె గొంతు చెప్పింది.

ఆ గొంతు విన్నాకే దివ్యశ్రీకి తన మనసు తనకు తేటపడింది. మోసమని రాయాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉండాలి. ఇక్కడ పిడుగు పడింది, లారీ గుద్దింది, దూడ అడ్డం తిరిగింది. వీటిలో మనిషి చెయ్యి లేదు. ఎంట్రీలు నిజమైనవే, సంతకాలు నిజమైనవే, చావులు నిజమైనవే. వరస ఒక్కటే తప్పు. ఆ వరస ఎందుకు తప్పిందో తనకు తెలియదని రాస్తుంది. తెలియదని రాసే హక్కు ఆడిటరుకు ఉంది. డాక్టరు కాగితాలు జత చేస్తుంది. శశికుమార్ ఒప్పుకోకపోతే ఆ రిపోర్టు మీద తన పేరు ఉండదు, ఆ ఆఫీసులో తన కుర్చీ కూడా ఉండకపోవచ్చు. అయినా సరే.

"నేను మోసమని రాయనక్కా" అంది. "ఎవరు రాయమన్నా రాయను."

నాగరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లటి, గింజల పసరు అంటుకున్న చెయ్యి. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. బయట గొడ్లు తిరిగి వస్తున్నాయి. గంటలు, గిట్టలు, తోలేవాళ్ళ అదిలింపులు వీధి నిండా వినపడుతున్నాయి. నాగరత్నం కళ్ళు మూసుకుని, ఒక్కొక్క గంటనూ వేరు చేస్తున్నట్టు ఊపిరి బిగబట్టి వింది. మంద దాటిపోయింది. ఆమె ఊపిరి వదిలి, అన్నీ వినపడినాయమ్మా అంది. ఆ ఇంటికి వచ్చాక దివ్యశ్రీ మొదటిసారి ఆమె నవ్వడం చూసింది.

అప్పుడే గోపీనాథ్ వచ్చాడు. తల మీద తుంపర తుడుచుకుంటూ గుమ్మంలోకి వంగి, యంత్రం బాగానే ఉందని, టైములో ఒక్క సెకండు కూడా తేడా లేదని, వాన ముదరకముందే తళి దాటితే మంచిదని గడగడా చెప్పేశాడు. లోపలున్న మనిషిని చూసి చేతులు జోడించాడు.

"నమస్తే అక్కా. మీ ఊరి చాయ మంచిగుంది."

నాగరత్నం బదులు పలకలేదు. కొత్తవాళ్ళ ముందు మొహమాటపడుతోందనుకుని అతను నవ్వేసి, కారు తిప్పి పెడతాను మేడం, మీరు నిదానంగా రండి అని వెళ్ళిపోయాడు. పాట ఏదో కూనిరాగం తీస్తూ తడి నేల మీద అతను నడిచిపోతున్న చెప్పుల చప్పుడు దివ్యశ్రీకి స్పష్టంగా వినపడింది.

ఆమె చెయ్యి పట్టుకున్న నాగరత్నం వేళ్ళు బిగుసుకున్నాయి. రెండో చెయ్యి మెల్లగా పైకి లేచి, ఒక చెవిని తడిమింది, తర్వాత రెండో చెవిని. రెండింటిలోనూ ఏమీ లేదు. ఆమె చూపు కిటికీ గూట్లో ఉన్న దూది మీదికి పోయి, మళ్ళీ ఖాళీ గుమ్మం మీదికి వచ్చింది.

"ఆయప్ప నోరు ఆడింది కదమ్మా" అంది. "ఏమి చెప్పినాడు?"

వీధి మలుపులో గోపీనాథ్ కారు హారను కొట్టాడు, రమ్మన్నట్టు, రెండుసార్లు గట్టిగా. దివ్యశ్రీ ఉలిక్కిపడింది.

నాగరత్నం తల తిప్పలేదు.